గీత దాటని కారు

రవాణా మంత్రిగారి సరికొత్త కారు రోడ్డు భద్రతా కార్యాలయం గోడను చీల్చుకుని లోపలి గదిలోకి సగం దాకా వచ్చి ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది, డ్రైవరు సీట్లో మాత్రం ఎవరూ లేరు.

ఇటుకల దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. వైపర్లు ఆ దుమ్మునే వానగా భావించి అటూ ఇటూ తుడుస్తున్నాయి. కారు లోపలి నుంచి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా, విసుగన్నది లేకుండా చెబుతోంది: "దయచేసి మీ చేతులు స్టీరింగ్ మీద ఉంచండి. దయచేసి మీ చేతులు స్టీరింగ్ మీద ఉంచండి."

స్టీరింగ్ మీద చేతులు లేవు. చేతులకు బదులు తువ్వాలుతో కట్టిన ఒక ఇత్తడి షీల్డు ఉంది. గుద్దిన ఊపుకి అది కిందికి జారి వేలాడుతోంది. దాని మీద ‘ఉత్తమ రోడ్డు భద్రతా పురస్కారం’ అని చెక్కి ఉంది.

నేను మంత్రిగారి పౌర సంబంధాల అధికారిని. అంటే మంత్రిగారు తుమ్మితే ‘కాలుష్యంపై మంత్రి ఘాటు స్పందన’ అని రాసేవాణ్ణి. ఆ ఉదయం ఆ కార్యాలయం ముందు జరగాల్సిన ప్రారంభోత్సవానికి అందరికంటే ముందు వచ్చాను. అలాంటి చోట మామూలు మనిషి అయితే ఎవరికైనా దెబ్బ తగిలిందా అని చూస్తాడు. నేను జేబులోంచి ప్రెస్ నోటు తీసి ‘మంత్రిగారి కారు కార్యాలయం ముందు ఠీవిగా ఆగింది’ అన్న వాక్యంలో ‘ముందు’ కొట్టేసి ‘లోపల’ అని దిద్దాను. ‘ఠీవిగా’ అలాగే ఉంచాను. వృత్తిధర్మం అంటే అదే మరి.

ఆ తర్వాత గానీ బల్ల కింద నుంచి మూలుగు నాకు వినిపించలేదు.

"ఎవరు నాయనా మీరు? లోపలికి రావడానికి తలుపు లేదా?"

లైసెన్సుల మీద ముద్రలు వేసే ఉద్యోగిని ఆవిడ. ఆఫీసంతా స్టాంపుల అక్కయ్య అంటారు. విరిగిన బల్ల ఆవిడ కాలి మీద పడి ఉంది. ఆ బల్లను ఎత్తడానికి ఒక మనిషి కిందా మీదా పడుతున్నాడు. తల పైకెత్తి నన్ను చూశాడు. సాక్షాత్తూ నా భార్య తమ్ముడు.

"బావా, ఆ చివర పట్టుకో! ఎత్తు! అబ్బా, ప్రెస్ నోటు కాదు, బల్ల!"

ఎత్తాను. అక్కయ్య కాలు విరిగింది. అంబులెన్సు వచ్చింది, పోలీసులు వచ్చారు, విలేకరులు వచ్చారు. మంత్రిగారు మాత్రం రాలేదు. ప్రారంభోత్సవం అర్ధంతరంగా ఆగినందుకు చింతిస్తూ ఆయన ఇంట్లోనే ఉన్నారని, నుదుటి మీద ప్లాస్టర్‌తో ఉన్నారని తెలిసింది. గడ్డం గీసుకుంటుంటే అద్దం మీదికి వచ్చిందట. నేను అలాగే రాసుకున్నాను.

ఇక్కడ నా బావమరిది గురించి నాలుగు మాటలు చెప్పాలి. వాడు మంత్రిగారి డ్రైవరు. కాదు, ఆ ముందు వారం దాకా డ్రైవరు. వాడి ముద్దుపేరు బ్రేకు. పచ్చలైటు పడ్డా ఒకసారి అటూ ఇటూ చూసి గానీ కదలడు. కుక్క అడ్డం వస్తే ఆగుతాడు, కుక్క వెళ్ళిపోయాక దాని వెనక పిల్లలేమైనా వస్తున్నాయేమో అని ఇంకాసేపు ఆగుతాడు. మంత్రిగారు ఏ సభకీ వేళకి చేరకపోవడానికి, ఏ ఆసుపత్రికీ అసలు చేరకపోవడానికి కారణం వాడే.

కొత్త కారు వచ్చిన రోజున వాడి ఉద్యోగం పోయింది. ఆ రోజు మంత్రిగారు విలేకరుల ముందు నిలబడి, ఒక చేయి కారు మీద, ఒక చేయి భవిష్యత్తు వైపు పెట్టి ప్రకటించారు:

"ఇకనుంచి ఈ దేశంలో డ్రైవరు ఉండడు. ప్రయాణికుడే ఉంటాడు! ముందు సీటూ వెనక సీటూ అన్న తేడా ఈ రోజుతో చెరిపేస్తున్నాను!"

ఆ వాక్యాలు రాసింది నేనే. రాసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అర్థమేమిటని మీరు అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

కారు కంపెనీ తరపున వచ్చిన ఇంజనీరమ్మ పక్కనే ఉంది. చిన్న పిల్ల, మాటలో మాత్రం తడబాటు లేదు. "సర్, ఇది డ్రైవరుకి సాయం చేసే కారే. డ్రైవరుకి బదులు కాదు. గీతల మధ్య తనంతట తాను పోతుంది, ముందు బండి నెమ్మదిస్తే నెమ్మదిస్తుంది. కదలకుండా నిలబడి ఉన్నవాటిని ఒక్కోసారి పట్టించుకోదు. అందుకే మీ కళ్ళు రోడ్డు మీద ఉండాలి, చేతులు స్టీరింగ్ మీద ఉండాలి."

మంత్రిగారు ఆప్యాయంగా నవ్వారు. "అమ్మా, మా శాఖలో నాకు సాయం చేసేవాళ్ళు వందలమంది. వాళ్ళు సాయం చేస్తుంటే నేనెప్పుడైనా కళ్ళు తెరుచుకుని కూర్చున్నానా?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి చెప్పిన వాక్యాన్ని నేను ప్రెస్ నోట్లోంచి తీసేశాను. మరీ పొడవుగా ఉంది, పైగా అందులో మంత్రిగారి పేరు లేదు.

నిజానికి ఆ కారంటే ఆయన ఎందుకంత మనసు పడ్డారో దగ్గరివాళ్ళకే తెలుసు. ఆయనకు చాలాకాలంగా ఒక మనోవ్యాధి ఉంది. వెనక సీట్లో కూర్చుంటే జనానికి కనపడరు. ముందు కూర్చుని తానే నడిపితే ఒక్క చేయే ఊపగలరు. కుడివైపు ఓటర్లకు ఊపితే ఎడమవైపు ఓటర్లు అలుగుతారు. ఎడమకు ఊపితే కుడి. ఇన్నేళ్ళ రాజకీయ జీవితంలో ఆయనను ఎడమా కుడీ ఇంతగా వేధించిన సందర్భం మరొకటి లేదు. ఈ కారు వచ్చి ఆయన రెండు చేతులనూ ప్రజలకు అంకితం చేసింది.

చేతులు తీస్తే కారు అరుస్తుంది కదా అని మీకు సందేహం రావచ్చు. బరువు ఏదైనా స్టీరింగ్‌కి వేలాడదీస్తే అది చెయ్యే అనుకుంటుందని ఎవరో చెప్పారు. కళ్ళు మూసుకుంటే కనిపెట్టే కెమెరా కూడా ఉంది కదా అంటే, దాని మీద టేపు ఉంది. గోడలోంచి కారును బయటికి లాగినప్పుడు ఇంజనీరమ్మ ఆ టేపు చూసింది.

"ఇది ఎవరు అతికించారు?"

"భద్రతా కారణాలు," అన్నాడు మంత్రిగారి సెక్రటరీ.

"ఎవరి భద్రత సర్?"

"అది కూడా భద్రతా కారణాల వల్ల చెప్పలేం."

ఇక గోడ సంగతి. కార్యాలయానికి రోడ్డు వైపు ఒక గొప్ప గేటు పెట్టాలని ప్లాను. ప్రారంభోత్సవం కదా, రోడ్డు మీద గీత వేయమని రంగు వేసేవాళ్ళకు ప్లాను ఇచ్చారు. వాళ్ళు ప్లాను ప్రకారం తెల్లటి గీతలు గేటు దాకా వేశారు. గేటు కట్టేవాళ్ళకు మాత్రం ప్లాను ఇంకా అందలేదు. కాబట్టి గీతలు రెండూ తళతళా మెరుస్తూ వచ్చి నేరుగా గోడలోకి పోయాయి. కారు ఆ గీతల మధ్య, అణువంత కూడా పక్కకు జరక్కుండా, గౌరవంగా వచ్చి గోడలోకి పోయింది. మా శాఖ మొత్తంలో ఆ ఉదయం ఆదేశాల ప్రకారం నడుచుకున్నది ఆ కారొక్కటే.

మర్నాడు మంత్రిగారి గదిలో సమావేశం. ఆయన, సెక్రటరీ, ఇంజనీరమ్మ, మూలన నేను. అక్కయ్య కాలు విరిగింది కాబట్టి కేసు నమోదైంది. కేసులో నిందితుడు అనే చోట ఖాళీ ఉంది. పోలీసులకు ఖాళీలు ఇష్టం ఉండవు.

"ఇందులో తేల్చడానికేముంది?" అన్నారు మంత్రిగారు ప్లాస్టర్ సవరించుకుంటూ. "కారును నడిపింది కారే."

"కుదరదు సర్," అంది ఇంజనీరమ్మ. "డ్రైవరు సీట్లో ఉన్నవాళ్ళదే బాధ్యత. మా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది."

"సీట్లో ఎవరూ లేరుగా! పేపర్లో ఫోటో కూడా వచ్చింది!"

"గోడ తగిలాక లేరు సర్. గోడ తగలకముందు..."

మంత్రిగారు కిటికీలోంచి దేశాన్ని చూశారు. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే ఎక్కడో ఒక చిన్న ఉద్యోగి కొంప మునిగిందని అర్థం.

"డ్రైవరు ఉన్నాడు కదా సర్. ఆ అబ్బాయి బ్రేకు. ప్రమాద స్థలంలోనే దొరికాడు. తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. దుమ్ములోంచి తెల్ల చొక్కా మనిషి దిగి వెనకే వచ్చిన కాన్వాయ్ బండి ఎక్కడం చూశామని జనం కూడా అంటున్నారు."

"వాడి పోస్టు తీసేశాంగా?"

"తీసేశాం సర్. మళ్ళీ ఇచ్చాం."

"ఎప్పుడు?"

"ఇవాళే సర్. ప్రమాదానికి ముందు రోజు నుంచి."

మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక పేదవాడికి ఉద్యోగం తిరిగి రావడం చూస్తే ఆయనకు ఎప్పుడూ అంతే. "ఎంతైనా వాడు మన మనిషి," అన్నారు. నన్ను చూసి, "మీ బావమరిదే కదూ? శుభవార్త మీరే చెప్పండి," అన్నారు.

శుభవార్త నాకంటే ముందే ఇంటికి చేరింది. నేను వెళ్ళేసరికి బ్రేకు మా వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కవరు. నా భార్య పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది, పొయ్యి మీద మాత్రం ఏమీ లేదు.

"ఒకే కవర్లో పెట్టి పంపారు బావా," అన్నాడు వాడు. "ఉద్యోగంలోకి తీసుకున్నట్టు ఒకటి, తీసేసినట్టు ఒకటి. నాకో సందేహం. నేను లేని ఉద్యోగంలో ఉండి, ఎక్కని కారు ఎక్కి, ఉన్న గోడను గుద్దానా?"

"నువ్వసలు అక్కడికి ఎందుకెళ్ళావురా?"

"లైసెన్సు రెన్యూవల్‌కి. పొద్దున్నే క్యూలో నిలబడ్డాను. పెద్ద చప్పుడైంది, అక్కయ్య అరిచింది, పరిగెత్తాను. ఉద్యోగం లేకపోయినా లైసెన్సు ఉంటే టాక్సీ తోలుకుని బతుకుతాననుకున్నాను. ఇప్పుడు జైలంటున్నారు. జైలుకేముంది బావా, ఎప్పటికైనా బయటికొస్తాను. లైసెన్సు మాత్రం జన్మలో ఇవ్వరట." కవరును మోకాలి మీద పెట్టి చదును చేశాడు. "స్టీరింగ్ పట్టుకోవడం తప్ప నాకు ఇంకేం వచ్చు?"

నా భార్య ఇటు తిరిగింది. "విన్నారా?"

"విన్నాను. కానీ నేనెంత? నా ఉద్యోగమెంత? మంత్రిగారి ముందు నోరు..."

"నోరెత్తలేరు. తెలుసు. మీరు ఎదిరించలేరు, అడగలేరు, పొమ్మంటే పోతారు, రమ్మంటే వస్తారు. ఈ ఇంట్లో కుళాయి కారితే దాన్ని కూడా మీరు ‘ప్రవాహం’ అంటారు. మీకు పొగడటం తప్ప ఇంకేమీ చేతకాదు కదండీ?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా వృత్తిని ఇంత క్లుప్తంగా వర్ణించడం అదే మొదలు. "అవును," అన్నాను.

"అయితే ఆ పొగిడేదేదో మా తమ్ముణ్ణి పొగడండి! ఊళ్ళో జనం వాణ్ణి చూసి అయ్యో అనుకోవాలి. అలా అనుకుంటే విచారణకు వేసే అధికారి కాస్తయినా జాలి పడతాడు."

కాగితం తీసుకుని కూర్చున్నాను. కలం మూత తీశాను. "ఒరే, కారు గోడకు తగిలే ముందు నువ్వేం చేశావు?"

"ఏమీ చేయలేదు బావా. నేనక్కడ లేనన్నాగా."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఏమీ చేయని మనిషిని పొగడటంలో నాకున్న అనుభవం ఈ దేశంలో ఇంకొకరికి లేదు. కలం దానంతటదే కదిలింది. కళ్ళు మూసుకున్నా రాయగలిగేవాణ్ణి. చాలాకాలంగా అలాగే రాస్తున్నాను కూడా.

‘ఎడమవైపు లైసెన్సుల కోసం నిలబడ్డ జనం. కుడివైపు బస్సు కోసం నిలబడ్డ జనం. ఎదురుగా గోడ. ఆ క్షణంలో స్టీరింగ్ ముందు కూర్చున్న ఆ వీరుడు చలించలేదు. స్టీరింగ్‌ను ఎడమకు తిప్పలేదు. కుడికి తిప్పలేదు. బ్రేకు మీద కాలు వేయలేదు. వేసి ఉంటే కారు జారి జనం మీదికి పోయి ఉండేది! ప్రాణం పోతుందని తెలిసీ ఏమీ చేయకుండా కూర్చోవడానికి ఎంత గుండె కావాలి!’

బిగ్గరగా చదివి వినిపించాను. నా భార్య కళ్ళు తుడుచుకుంది. బ్రేకు కూడా తుడుచుకుని, "ఎవరు బావా అతను?" అన్నాడు.

వాడు కాపాడిన క్యూలోనే వాడూ నిలబడి ఉన్నాడన్నది ఒక చిన్న చిక్కు. నాకు అది చిక్కే కాదు. ప్రెస్ నోట్లో ఒకే మనిషి ఒకే వేళకు రెండు చోట్ల ఉండటం మా పేషీలో మామూలు విషయం.

అసలు గండం వేరే ఉంది. మంత్రిగారు సరే అనకుండా మా ఆఫీసు నుంచి కాగితం బయటికి పోదు. మర్నాడు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన ఫోన్లో ఉన్నారు. కాగితం వైపు చూడకుండానే సంతకం పెట్టి తిరిగిచ్చేశారు. నేను రాసేదంతా ఆయన గురించేనని ఆయనకు గట్టి నమ్మకం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ నమ్మకాన్ని వమ్ము చేసిన పాపాన పోలేదు నేను.

ఆ తర్వాత జరిగిందానికి నా పాండిత్యం కారణమని చెప్పుకోవాలని ఉంది గానీ, ఆ వారం పేపర్లలో వేయడానికి వేరే వార్తలేవీ లేవు. ‘గోడను ఎంచుకున్న ధీరుడు’ అని ఒక పేపరు రాసింది. ‘తిప్పని చేతులకు వందనం’ అని ఇంకో పేపరు. టీవీలో నలుగురు నిపుణులు కూర్చుని, స్టీరింగ్ తిప్పకపోవడం ఎంత కష్టమో పెన్సిలుతో బొమ్మ గీసి చూపించారు. క్యూలో నిలబడ్డవాళ్ళు వచ్చి తమ ప్రాణదాతను చూడాలన్నారు. బ్రేకును చూసి, "ఇతనా? ఇతను మా వెనకే కదా నిలబడింది!" అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. "చివరి క్షణం దాకా జనం మధ్యే ఉన్నాడు," అని విలేకరి రాసుకున్నాడు.

మంత్రిగారు ఆ వారం పేపర్లు చూసి, ఎవరో డ్రైవరు ఫోటో మొదటి పేజీలో, తన ఫోటో ఏడో పేజీలో ఉండటం గమనించారని విన్నాను. ప్లాస్టర్ కొంచెం పెద్దదిగా మార్చారు. ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు.

విచారణ రోజు వచ్చింది. విచారణాధికారి ఒక రిటైర్డ్ జడ్జిగారు. సంఘటన జరిగిన గదిలోనే జరపాలని పట్టుబట్టారు. గోడ కన్నానికి నీలం రంగు ప్లాస్టిక్ పట్టా కట్టారు. గాలి వచ్చినప్పుడల్లా అది ఉబ్బి, గది మొత్తం ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంది. ముందు వరసలో మంత్రిగారు, సెక్రటరీ. రెండో వరసలో ఇంజనీరమ్మ, నా భార్య, నేను. గోడ పక్కన పోలీసు ఇన్‌స్పెక్టరు, చేతిలో ఇంకా ఖాళీ నింపని కాగితం. వెనకంతా విలేకరులు, క్యూ జనం.

మొదట స్టాంపుల అక్కయ్యను కాలికి కట్టుతో చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు.

"మీరు ఏం చూశారమ్మా?"

"గోడ చూశాను బాబూ. రోజూ చూస్తాను. ఆ రోజు అది నన్ను చూడ్డానికొచ్చింది."

"కారు నడిపింది ఎవరో చూశారా?"

"లేదు. నన్ను లాగింది మాత్రం ఈ అబ్బాయే. అదిగో ఆ తలుపులోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు."

సెక్రటరీ లేచాడు. "సర్, ఆవిడ అప్పుడు స్పృహలో లేరు."

"స్పృహలో లేకపోతే నా కాలు నొప్పి ఎవరికి తెలిసిందయ్యా, నీకా?" అంది అక్కయ్య.

నవ్వులు అణిగాక జడ్జిగారు బ్రేకును పిలిచారు. వాడు బోనులో నిలబడినట్టు నిలబడ్డాడు. బోను లేదు, వాడికి బోను అవసరం లేదు. నా భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడి బతుకు ఆ ఒక్క ప్రశ్న మీద ఉంది.

"బాబూ, కారు నడిపింది నువ్వేనా?"

"కాదండీ. నేను క్యూలో ఉన్నానండీ."

జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు. "చూశారా? ఎంత వినయం!"

"వినయం కాదండీ, నేను కార్లోనే లేనండీ."

"ఇంత పేరొచ్చాక కూడా!" అన్నారు జడ్జిగారు గద్గదంగా. వెనక నుంచి చప్పట్లు. "ఈ రోజుల్లో చేయని పని చేశామని చెప్పుకునేవాళ్ళే గానీ, చేసిన పని చేయలేదనేవాళ్ళు ఎక్కడున్నారయ్యా?"

"నేను నిజంగానే..."

"కూర్చో నాయనా, కూర్చో."

వాడు నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను. నిజం చెప్పి తప్పించుకునే అవకాశం వాడికి లేకుండా చేసింది నా కలమే కదా. ఇక వాడు నేరస్థుడో వీరుడో ఏదో ఒకటి అయి తీరాలి. ఎలాగైనా ఆ కార్లో ఉన్నవాడే కావాలి. నా భార్య గోళ్ళు మోచేతిలో దిగాయి.

జడ్జిగారు కాగితాలు సర్దుకున్నారు. "నేను ఈ విచారణకు వచ్చేటప్పుడు కేసు సిఫారసు చేయాలనే వచ్చాను. కానీ పత్రికలన్నీ చదివాను. ఆ సీట్లో కూర్చున్న మనిషి తప్పించుకోవాలని చూసి ఉంటే కనీసం పాతికమంది పోయేవాళ్ళు. కాబట్టి అతనికి దేశంలోకెల్లా పెద్ద సాహస పతకం ఇవ్వాలని రాస్తున్నాను. దేశాధ్యక్షుడి చేతుల మీదుగా."

మంత్రిగారు కుర్చీలో కదిలారు.

"ఈ గోడ ఉన్న రోడ్డుకు అతని పేరు పెట్టాలని రాస్తున్నాను."

మంత్రిగారి చేయి ప్లాస్టర్ మీదికి పోయింది.

"ప్రతి లైసెన్సు ఆఫీసులో అతని ఫోటో పెట్టాలి. ప్రస్తుతం అక్కడ ఏవో ఫోటోలు వేలాడుతున్నాయి. అవి తీసేసి, వాటి మేకులకే ఇవి తగిలించవచ్చు. ఖర్చు కూడా ఉండదు."

ప్రస్తుతం అక్కడ ఎవరి ఫోటో వేలాడుతోందో గదిలో అందరికీ తెలుసు. జడ్జిగారి తల వెనక కూడా ఒకటి వేలాడుతోంది.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. సెక్రటరీ ఆయన చొక్కా అంచు పట్టుకున్నాడు. "సర్, కూర్చోండి. సర్, దయచేసి."

"నువ్వు కూర్చో!"

"సర్, పోలీసులున్నారు."

"ఉండనీ! విలేకరులు కూడా ఉన్నారుగా!" మంత్రిగారు చొక్కా విడిపించుకుని ముందుకు వచ్చారు. ఆయన గొంతులో అంత నిజాయితీ నేను ఎన్నడూ వినలేదు. "వీడికా పతకం? ఈ బ్రేకుగాడికా? వీడే ఆ సీట్లో ఉండి ఉంటే గోడకు అరమైలు దూరంలోనే ఆపి, దిగి, గోడను పక్కకు జరగమని అడిగి ఉండేవాడు! వీడు తిప్పకుండా ఉండగలడా? వీడికి అంత ధైర్యమా?"

పోలీసు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా కలం మూత తీశాడు.

"అయితే ఆ సీట్లో ఉన్నది..." అన్నారు జడ్జిగారు.

"సర్," అంది ఇంజనీరమ్మ, లేచి నిలబడి, చాలా మెల్లగా, "అప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయి సర్?"

మంత్రిగారు ఆమె వైపు కాదు, కెమెరాల వైపు తిరిగారు. నుదుటి ప్లాస్టర్‌ను ఒక్క లాగుతో ఊడబెరికి, గాయం అందరికీ కనపడేలా తల కొంచెం వంచారు.

"గాల్లో ఉన్నాయి! రెండూ! రాసుకోండి, అందరూ రాసుకోండి. ఆ సీట్లో కూర్చున్నది నేను. నేనొక్కణ్ణే. సీటు వెనక్కి వాల్చుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మన ప్రజలకు రెండు చేతులతో ఎలా ఊపాలా అని సాధన చేస్తున్నది నేను. కారు అరిచింది. నేను వినలేదు. గోడ వచ్చింది. చూశాను. అంత పెద్ద గోడ, ఎందుకు చూడను? స్టీరింగ్ తిప్పనిది నేను! బ్రేకు తొక్కనిది నేను! దిగి వెనకబండి ఎక్కి ఇంటికెళ్ళి, ఆ అక్కయ్య ఎలా ఉందని కూడా అడగనిది నేను! ఏమీ చేయకపోవడమంటే అంత తేలికనుకున్నారా? ఈ శాఖలో ఇన్నేళ్ళుగా ఎవరూ గుర్తించకపోయినా పగలూ రాత్రీ నేను చేస్తున్న సేవే అది. ఒక్కరోజు క్యూలో నిలబడ్డవాడొచ్చి ఆ పేరు కొట్టుకుపోతానంటే నేనెలా ఊరుకుంటానయ్యా?"